కొమ్మల బండి వేరు, మొద్దుల బండి వేరు: చెట్ల పనికి ట్రక్కు ఎంపికలో ఉన్న లెక్క

ఎండాకాలం చివర హైదరాబాద్‌లో ఏదో ఒక సాయంత్రం ఈదురుగాలి లేస్తుంది, అరగంట వాన కురిసి వెలుస్తుంది, తెల్లారేసరికి కాలనీ వీధుల్లో గుల్మొహర్ కొమ్మలు కార్ల మీదా కరెంటు తీగల మీదా పడి ఉంటాయి. ఆ మర్నాటి నుంచి చెట్లు కొట్టే బృందాలకు ఫోన్లు ఆగవు. గత కొన్నేళ్లలో ఈ పని పెరిగింది, పని చేసేవాళ్లూ పెరిగారు. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో, ఇన్నాళ్లూ కిరాయి బండ్లతో నెట్టుకొచ్చినవారు కూడా సొంత ట్రక్కు గురించి ఆలోచించడం మొదలుపెట్టారు.

అయితే ఏ బండి సరిపోతుందని అడిగితే రెండు భాషల్లో జవాబు వస్తుంది. షోరూంలో వాళ్లు టన్నుల్లో చెబుతారు. చెట్టెక్కేవాళ్లు, కింద కొమ్మలు మోసేవాళ్లు బాడీ ఎన్ని అడుగులో చెబుతారు. రెండూ నిజమే, కానీ రెండూ సగమే. చెట్ల పనిలో బండి ఒక రోజు అడుగుల దగ్గర చాలకుండా పోతుంది, ఇంకో రోజు టన్నుల దగ్గర చాలకుండా పోతుంది. ఈ గందరగోళమంతా అక్కడే ఉంది.

చెట్ల పనిలో బండి మోసేది ఏమిటి

చెట్టు కొట్టడమంటే మొదలు నరికి పడేయడమే అనుకుంటాం గానీ, నగరంలో ఎక్కువ భాగం పని అది కాదు. ఎండిన కొమ్మలు తీయడం, మేడ మీదికి వాలిన కొమ్మను తాళ్లతో దించడం, తీగలకు తగిలే చిగుళ్లు కత్తిరించడం, వేరు కదిలిన చెట్టును ముక్కలుగా దింపడం ఇందులోకి వస్తాయి. చెట్టుకు వైద్యం చేయడం కూడా ఇందులో భాగమే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాల పద్ధతిలో మందు ఎక్కించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తరహా పనికి బండి గురించి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. సామాను పడితే చాలు. బండి అసలు సమస్యగా మారేది కోత తరువాత మిగిలే వ్యర్థం దగ్గర.

ఆ వ్యర్థం రెండు రకాలు. ఒకటి ఆకులతో ఉన్న కొమ్మలు, రెమ్మలు. ఇవి ఎంత తొక్కినా లొంగవు. ఒక ఘనపు మీటరు చోటు ఆక్రమించి కూడా వంద కిలోలకు అటూ ఇటూ మాత్రమే తూగుతాయి. రెండోది మొద్దులు. అప్పుడే కోసిన పచ్చి కలప ఒక ఘనపు మీటరు సాధారణంగా 800 నుంచి 1,000 కిలోల దాకా ఉంటుంది, ఎందుకంటే దాని బరువులో పెద్ద వాటా నీరే. అంటే ఒకే చెట్టు నుంచి, ఒకే రోజు, పరస్పరం ఎనిమిది పది రెట్ల తేడా ఉన్న రెండు సరుకులు బండెక్కుతాయి. సిమెంటు మోసేవారికి గానీ కూరగాయలు మోసేవారికి గానీ ఈ ఇబ్బంది లేదు.

ఆర్సీలోని రెండు అంకెలు, వాటి మధ్య మిగిలేది

ప్రతి సరుకు వాహనం ఆర్సీలో రెండు బరువులు రాసి ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది స్థూల బరువు, అంటే బండి, డ్రైవరు, మనుషులు, డీజిల్, సామాను, సరుకు అన్నీ కలిపి దాటకూడని హద్దు. రెండింటి తేడానే షోరూంలో పేలోడ్ అంటారు. ఆ తేడా అంతా సరుకుకే దక్కుతుందనుకోవడం దగ్గర మొదటి పొరపాటు జరుగుతుంది.

ఉదాహరణకు టాటా ఏస్ లాంటి ఒక చిన్న ట్రాలీకి స్థూల బరువు 1,600 కిలోలు, ఖాళీ బరువు 850 కిలోలు అనుకుందాం. తేడా 750 కిలోలు. ముందు ఇద్దరు కూర్చుంటే 140 కిలోలు పోయాయి. రెండు చైన్ సాలు, తాళ్లు, నిచ్చెన, పెట్రోలు డబ్బాలు, గొడ్డళ్లు కలిపి 110 కిలోలు. కొమ్మలు జారిపోకుండా బాడీ చుట్టూ కట్టించిన ఇనుప జాలీ ఇంకో 100 కిలోలు. చివరికి చెట్టు కోసం మిగిలింది 400 కిలోలు.

ఈ 400 కిలోల్లో ఏం పడుతుంది? ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న బాడీలో ఐదడుగుల ఎత్తు దాకా కొమ్మలు నింపితే దాదాపు ఐదు ఘనపు మీటర్లు, బరువు ఐదు వందల కిలోల దరిదాపు. చూడటానికి గడ్డివాములా కనిపించే ఆ లోడు కూడా హద్దును కాస్త దాటుతుంది. ఇక మొద్దుల సంగతి చూద్దాం. రెండడుగుల అడ్డుకొలత, ఐదడుగుల పొడవు ఉన్న ఒక్క మొద్దు సుమారు 380 కిలోలు తూగుతుంది. ఆ ఒక్కటి ఎక్కిస్తే బండి నిండినట్లే, కంటికి మాత్రం బాడీ ముప్పావు వంతు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ కనిపించాక ఇంకో మూడు మొద్దులు ఎక్కించకుండా ఊరుకునే మేస్త్రీ అరుదు.

దీనికి వృత్తిలో ఉన్నవారు చెప్పే సమాధానం తీసిపారేయదగ్గది కాదు: దూరం తక్కువ, నెమ్మదిగా పోతాం, వెనక అదనపు కమాన్ పట్టీలు వేయించాం, పదేళ్లుగా ఏమీ కాలేదు అంటారు. పట్టీలు వేస్తే బండి వెనక్కి కుంగకుండా నిలబడుతుందన్నది నిజం. కానీ బ్రేకులు, ఇరుసు, టైర్లు, చాసిస్ పాతవే. సైనిక్‌పురి లాంటి చదునైన చోట బయటపడని ఈ సంగతి బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వాలుల్లో దిగేటప్పుడు బయటపడుతుంది. పైగా మొద్దు గుండ్రటిది; మలుపులో బరువు ఒక పక్కకు దొర్లితే ఏ పట్టీ ఆపలేదు.

ఒకే చెట్టు, మూడు బండ్లు

పెరట్లో పాత నిద్రగన్నేరు ఉన్న ఒక ఇంటిని ఊహిద్దాం. పెద్ద కొమ్మలు దింపగా మూడు టన్నుల వ్యర్థం వచ్చింది. అందులో ఒక టన్ను ఆకు కొమ్మ, రెండు టన్నులు మొద్దులు. పైన చూసిన చిన్న ట్రాలీ హద్దు దాటకుండా మోస్తే ఎనిమిది ట్రిప్పులు.

తరువాతి తరగతి పికప్. బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, టాటా ఇంట్రా లాంటివి ఈ కోవలోవి. స్థూల బరువు 2,990, ఖాళీ బరువు 1,600 కిలోలు అనుకుంటే తేడా 1,390. ముగ్గురు మనుషులకు 210, సామానుకు 110, జాలీకి 150 తీసేస్తే 920 కిలోలు మిగులుతుంది. కొమ్మలూ మొద్దులూ కలిపి సర్దితే నాలుగు ట్రిప్పులు.

మూడోది టాటా 407 తరగతి. స్థూల బరువు 4,500, ఖాళీ బరువు 2,300 అనుకుందాం. మనుషులు, సామాను, పెద్ద జాలీ కలిపి 600 కిలోల పైచిలుకు పోయినా సుమారు 1,590 కిలోలు మిగులుతుంది. పది అడుగుల బాడీలో పది ఘనపు మీటర్ల కొమ్మ పడుతుంది. రెండు ట్రిప్పుల్లో పని ముగుస్తుంది.

ఎనిమిది, నాలుగు, రెండు. అంకెలు చూస్తే పెద్ద బండే గెలిచినట్లుంది. అయితే ఈ లెక్కలో వీధి లేదు. పాతబస్తీ గల్లీల్లోనూ, రెండు వైపులా కార్లు నిలిపిన అమీర్‌పేట అడ్డరోడ్లలోనూ 407 చెట్టు దాకా పోలేకపోతే, కొమ్మలను వీధి చివరి దాకా మనుషులు మోయాలి. వంద అడుగుల మోత అదనంగా పడితే ఇద్దరు కూలీల సగం రోజు అక్కడే పోతుంది. కిందికి వేలాడే కేబుల్ తీగలు ఎత్తైన జాలీకి తగులుతాయి. పెద్ద వాహనాలకు నగరంలో పగటి వేళల ఆంక్షలు కూడా ఉంటాయి, ట్రాఫిక్ పోలీసులు వాటిని ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు. అందుకే రెండు ట్రిప్పుల బండి ఒక్కోసారి నాలుగు ట్రిప్పుల బండి కన్నా ఆలస్యంగా ఇల్లు చేరుతుంది.

పేర్ల గురించి చిన్న మాట. మన దగ్గర డీసీఎం అంటే ఏ కంపెనీదైనా మధ్యరకం లారీయే. 1980లలో వచ్చిన డీసీఎం టొయోటా బండ్ల పేరు అలా నిలిచిపోయింది, ఆ కంపెనీ బండ్లు రోడ్ల మీద నుంచి పోయి ఎన్నో ఏళ్లయినా. అలాగే మొద్దులు ఎత్తడానికి హైడ్రా కావాలని ఎవరైనా అంటే, వాళ్లు అడిగేది క్రేను. అదే పేరుతో 2024 జులైలో ఏర్పడి, కూలిన చెట్లు తొలగించే బృందాలను కూడా నడుపుతున్న ప్రభుత్వ సంస్థను కాదు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఈ రెండింటికీ తికమక పడటం ఈ మధ్య మామూలైంది.

చిప్పర్ చేరితే సమస్య రూపు మారుతుంది

కొమ్మలను అక్కడికక్కడే పొట్టుగా చేసే చిప్పర్ యంత్రం ఉంటే చిన్న బండి చాలన్న అభిప్రాయం బలంగా ఉంది. ఆ మాటలో సగం నిజముంది. చోటు విషయంలో లాభం స్పష్టం: మూడు నాలుగు బండ్ల కొమ్మ ఒక బండి పొట్టుగా మారుతుంది. కానీ బరువు ఎక్కడికీ పోలేదు. పచ్చి పొట్టు ఘనపు మీటరుకు సుమారు 300 కిలోలు ఉంటుంది. చిన్న ట్రాలీలోని అదే ఐదు ఘనపు మీటర్ల బాడీని పొట్టుతో నింపితే 1,500 కిలోలు, అంటే మిగిలిన 400 కిలోల హద్దుకు దాదాపు నాలుగు రెట్లు. కొమ్మలతో హద్దును కాస్త దాటిన బండికి పొట్టుతో బలం అసలే చాలదు.

కాబట్టి బండి కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న వ్యర్థం ఏ రూపంలో, ఎక్కడికి పోతుందన్నది. కొమ్మలు కొమ్మలుగానే పోయేటట్లయితే ఎత్తైన జాలీ, పొడవైన బాడీ విలువైనవి. పొట్టు చేసేటట్లయితే బాడీ చిన్నదైనా ఫర్వాలేదు, స్థూల బరువు పెద్దది కావాలి, దించడానికి టిప్పర్ ఉంటే మేలు. మొద్దులు కట్టెల అడితికి పోయేటట్లయితే పక్క డోర్లు మూడు వైపులా తెరుచుకునే బాడీ కావాలి. పొట్టును ఇంటి తోటలోనే చెట్ల మొదళ్లలో పరిచేసేటట్లయితే అసలు సగం ట్రిప్పులు ఉండవు. గేటెడ్ కమ్యూనిటీల్లో కొన్ని చోట్ల ఇదే ఏర్పాటు. ఒకే బండితో ఈ పనులన్నీ చేయాలనుకున్నప్పుడు, ఏదో ఒక దానిలో అది తప్పక తక్కువ పడుతుంది. ఏ దానిలో తక్కువ పడినా నడుస్తుందో వ్యాపారి ఎంచుకుంటాడు, అంతే.

చిప్పర్‌ను లాగడం మరో చిక్కు. చక్రాల మీద వచ్చే చిప్పర్‌ను పికప్ వెనక కట్టి లాగడం ఇతర దేశాల్లో మామూలే గానీ, ఇక్కడ ఇరుకు వీధుల్లో వెనక్కి తిప్పడం కష్టం, ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ వ్యవహారం ఉంటుంది. ట్రాక్టరు ఇంజిన్ శక్తితో తిరిగే చిప్పర్లు ఉన్నాయి కాబట్టి కొందరు ట్రాక్టరు ట్రాలీనే నమ్ముకుంటారు. అది బరువును తేలికగా లాగుతుంది, బురదలో దిగబడదు. కానీ వ్యవసాయం పేరుతో రిజిస్టరైన ట్రాక్టరును కిరాయి పనికి వాడటం వేరే తగాదా.

3,000, 3,500, 7,500: చట్టం గీసిన మూడు గీతలు

స్థూల బరువు ఎంతన్నది ఇంజనీరింగ్ విషయం మాత్రమే అయితే ఎంపిక సులువుగా ఉండేది. చట్టం కూడా అదే అంకె చుట్టూ గీతలు గీసింది.

మొదటి గీత 3,000 కిలోలు. మోటారు వాహనాల చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం స్థూల బరువు ఇంత దాటని సరుకు వాహనానికి పర్మిట్ అవసరం లేదు. అంతకు మించితే ఉండాలి. రెండో గీత 3,500 కిలోలు. దీనికి పైనున్న సరుకు వాహనాలు 2025 అక్టోబర్ 1 తరువాత తయారైతే క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. డ్రైవరుకు మేలే, కొనే ధరలో మాత్రం అదీ కలుస్తుంది. మూడోది 7,500 కిలోలు. తేలికపాటి వాహన లైసెన్స్ ఉన్నవారు అంతవరకూ రవాణా వాహనాన్ని కూడా విడి ఎండార్స్‌మెంట్ (లైసెన్స్‌పై అదనపు అనుమతి) లేకుండా నడపవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. దానిపై వచ్చిన సందేహాలను 2024 నవంబర్ 6న రాజ్యాంగ ధర్మాసనం తీర్చి అదే మాటను నిలబెట్టింది. పైన పోల్చిన మూడు బండ్లూ ఈ చివరి గీత లోపలివే. అంటే డ్రైవరు దొరకడం దగ్గర 407కూ ట్రాలీకీ చట్టపరంగా తేడా లేదు, ఈ సంగతి తెలియక పెద్ద బండిని పక్కన పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు.

హద్దు దాటిన లోడుకు 2019 సవరణ చట్టం 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకూ మరో 2,000 నిర్దేశించింది. బాడీ పక్కలకో వెనక్కో అనుమతించిన హద్దు దాటి పొడుచుకొచ్చే లోడుకూ 20,000 రూపాయలే. చెట్ల పనివారికి ఈ రెండోదే దగ్గరి ప్రమాదం. ఆకు కొమ్మ బరువు తక్కువైనా, దాని చివరలు బండి దాటి రోడ్డు మీద వెళ్లేవారి ముఖాలకు తగులుతుంటాయి.

బండి కాగితాలతో పాటు చెట్టు కాగితమూ ఉంటుంది. చెట్టు కొట్టడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. మొద్దులతో వెళ్తున్న బండిని ఆపి అడిగినప్పుడు ఆ అనుమతి ఇంటి యజమాని బీరువాలో ఉంటే డ్రైవరు చెప్పగలిగేది తక్కువ.

మనుషులు కూర్చునే చోటు

సరిగ్గా సాగే బృందంలో సాధారణంగా ఐదుగురు ఉంటారు: చెట్టెక్కేవాడు, తాడు పట్టేవాడు, కింద ఇద్దరు, డ్రైవరు. చిన్న ట్రాలీలో డ్రైవరు కాక ఒక్కరికే సీటు. మిగతా ముగ్గురు వెనక కొమ్మల మీద కూర్చుని రావడం నగరంలో రోజూ కనిపించే దృశ్యమే. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. బండి యజమాని సొంత పనివారి సంగతి దీనికి భిన్నం, వారికి చట్టంలో పరిమితమైన రక్షణ ఉంది. కానీ బండి ఒకరిది, కూలీలు మరొకరి మనుషులు అయినప్పుడు ఎవరు ఎవరి పనివారన్న తగవు ప్రమాదం తరువాతే మొదలవుతుంది.

బొలెరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబిన్ బండ్లలో ఐదుగురూ లోపలే కూర్చోవచ్చు. అందుకు మూల్యం బాడీ పొడవు, మోసే బరువు. సామాను, మనుషులు ఒక బండిలో వచ్చి వ్యర్థం వేరే బండిలో పోయే ఏర్పాటుకు ఇది చక్కగా కుదురుతుంది. వ్యర్థం కూడా అందులోనే పోవాలంటే చాలదు.

జాలీ, టిప్పర్: బండిని మార్చేటప్పుడు

కొన్న తరువాత బాడీ మార్పించడం ఈ వృత్తిలో అలవాటు. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. ఆర్టీఏకు తెలియకుండా చాసిస్ పొడిగించడం, బాడీని ఇష్టం వచ్చినంత ఎత్తు పెంచడం ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర బయటపడతాయి. కొత్త రవాణా వాహనానికి మొదటి ఫిట్‌నెస్ రెండేళ్లు చెల్లుతుంది, తరువాత ఎనిమిదో ఏడు దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా ఈ పరీక్ష తప్పదు. పాత బండి చవకగా వస్తోందని కొనేవారికి ఆ ఎనిమిదేళ్ల గీత ముఖ్యం.

టిప్పర్ విషయంలో అభిప్రాయాలు నిజంగానే రెండుగా చీలతాయి. పొట్టు, కొమ్మలు చేత్తో దించడానికి ఇద్దరికి ముప్పావు గంట పడితే, టిప్పర్ ఐదు నిమిషాల్లో కుమ్మరిస్తుంది. మరోవైపు పంపు, జాకీ, కింది ఫ్రేమ్ బరువు కూడా పేలోడ్ లోంచే పోతుంది. 407 తరగతిలో ఆ నష్టం భరించదగ్గది. చిన్న ట్రాలీలో, మిగిలిందే 400 కిలోలైనప్పుడు, టిప్పర్ అమరిక ఉన్న బలాన్నే తినేస్తుంది.

డీజిల్, సీఎన్జీ, కరెంటు

వాలు ఎక్కే పనికి డీజిల్ లాగుడు బాగుంటుంది. కానీ బీఎస్6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే బండి కొంతసేపు వేగంగా, వేడిగా నడవాలి. కాలనీ నుంచి కాలనీకి రెండు మూడు కిలోమీటర్లు పోతూ, మధ్యలో ఇంజిన్ నడుస్తూనే నిలబడే బండికి ఆ అవకాశం తక్కువ. సీఎన్జీలో ఇంధనం ఖర్చు కలిసొస్తుంది, సిలిండర్ల బరువు, బంకు దగ్గర వరుస కలిసిరావు.

ఎలక్ట్రిక్ బండి ఈ పనికి అనుకున్నంత దూరంగా ఏమీ లేదు. రోజుకు తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు తేలికపాటి ఎలక్ట్రిక్ సరుకు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ఉంది. అడ్డంకి మోసే బరువు దగ్గరే. 2022లో టాటా ఏస్ ఈవీ వచ్చినప్పుడు దాని పేలోడ్ 600 కిలోలు. టన్ను మోసే రకం 2024లో గానీ రాలేదు. మనుషులు, సామాను, జాలీ తీసేశాక ఎంత మిగులుతుందో పైన చూశాం.

కొనడమా, కిరాయా

జీఎస్టీ తగ్గింపుతో కొనడం లాభమన్న వాదనను ముందుగా విప్పి చూడాలి. పన్ను లేకుండా 6,00,000 రూపాయల బండికి 28 శాతంతో 7,68,000 అయ్యేది, 18 శాతంతో 7,08,000 అవుతుంది, తేడా 60,000. అయితే జీఎస్టీలో సాధారణ పద్ధతిలో నమోదైన వ్యాపారి సరుకు వాహనంపై కట్టిన పన్నును తన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ప్రయాణికుల కార్లకు ఉన్న నిరోధం సరుకు వాహనాలకు లేదు. అందువల్ల అతడికి పాత రేటుతో కట్టిన పన్ను కూడా వెనక్కి వచ్చేదే. మిగిలేది అప్పు, వడ్డీ భారం కాస్త తగ్గడం. అసలు లాభం ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయంతో నమోదు లేకుండా పనిచేసే చిన్న బృందానిది.

ఇక నెలసరి లెక్క. వాయిదా, బీమా, డ్రైవరు జీతం, మరమ్మతులు కలిపి నెలకు 40,000 రూపాయలు అనుకుందాం. అదే ట్రిప్పుకు అడ్డా మీద ట్రాలీ మాట్లాడితే 2,000, సొంత బండిలో డీజిల్ 400 అనుకుంటే, ప్రతి ట్రిప్పుకూ మిగిలేది 1,600. నెలకు 25 ట్రిప్పులు దాటితేనే సొంత బండి గిట్టుతుంది. ఏప్రిల్ నుంచి వర్షాలు తగ్గేదాకా, వినాయక నిమజ్జనం ఊరేగింపు దారుల్లో కొమ్మలు కత్తిరించే రోజుల దాకా, ఆ సంఖ్య సులువుగా దాటుతుంది. డిసెంబర్, జనవరిల్లో పని పల్చబడినప్పుడు దాటదు.

కిరాయి బండితో ఇబ్బంది డబ్బులో కనిపించదు. గాలివాన మర్నాడు అందరికీ బండ్లు ఒకేసారి కావాలి, అప్పుడే దొరకవు. కొమ్మలతో బాడీ గీతలు పడుతుందని, ఆకు చెత్త ఊడ్చుకోవాలని కొందరు ట్రాలీవాళ్లు చెట్ల పని అనగానే రారు. వచ్చినవాళ్లు కూడా చెట్టు దిగేదాకా గంటలు వేచి ఉండటానికి విడిగా అడుగుతారు.

అందుకే మధ్యేమార్గంగా నడుపుతున్నవారు ఉన్నారు: మనుషులకు, సామానుకు, ఆకు కొమ్మకు సరిపడే పికప్ ఒకటి సొంతానికి, మొద్దుల ట్రిప్పులు బయటి బండికి. మొద్దులకు విలువ ఉంది కాబట్టి చాలాసార్లు కట్టెల అడితివాళ్లే తమ లారీ పంపి ఎత్తించుకుపోతారు, ధరలో ఆ కిరాయి తగ్గించుకుంటారు. మూడు టన్నుల నిద్రగన్నేరు ఉదాహరణలో మొద్దులు అలా పోతే, పికప్‌కు మిగిలేది ఒక టన్ను ఆకు కొమ్మ, రెండు ట్రిప్పులు.